కొండాపూర్ ఫ్లాట్ ఈఎంఐని అతిథులు కడతారా?

ప్రశ్న: నేను హనుమకొండలో ప్రభుత్వ ఉపాధ్యాయురాలిని. వయసు 44. మావారిది ప్రైవేటు ఉద్యోగం. ఇద్దరికీ కలిపి నెలకు 1,35,000 రూపాయలు చేతికి వస్తాయి. ఊళ్లో స్థలం అమ్మగా వచ్చినదీ, దాచుకున్నదీ కలిపి 32 లక్షలు ఉన్నాయి. హైదరాబాద్ కొండాపూర్‌లో 1,150 చదరపు అడుగుల రెండు పడకగదుల ఫ్లాట్ 85 లక్షలకు వస్తోంది. బ్యాంకులో 60 లక్షలు రుణం తీసుకుని, చీటీ పాడి మరో 8 లక్షలతో ఫర్నిచర్ పెట్టి, ఎయిర్‌బీఎన్‌బీ యాప్‌లో రోజువారీ అద్దెకు ఇవ్వమని బ్రోకర్ సలహా. రోజుకు 3,500 చొప్పున 25 రోజులు నిండినా నెలకు 87,500 వస్తుందని, 52 వేల ఈఎంఐ పోగా 35 వేలు మిగులుతాయని ఆయన లెక్క. అమెరికాలో ఉన్న మా మరిది వచ్చినప్పుడల్లా అలాంటి ఫ్లాట్లలోనే దిగుతాడు, అతనూ తీసుకోమంటున్నాడు. మా అబ్బాయి హైదరాబాద్‌లోనే బీటెక్ రెండో సంవత్సరం. అతిథులను తానే చూసుకుంటానంటున్నాడు. వచ్చే ఆదివారం 2 లక్షలు బయానా ఇవ్వాలి. ముందుకు వెళ్లమంటారా?
– పేరు ప్రచురించవద్దన్న పాఠకురాలు

సమాధానం: అమ్మా, ముందు ఆదివారం సంగతి. ఆ 2 లక్షలు ఇవ్వకండి. ఫ్లాట్ బాగుండకపోవచ్చని కాదు, బాగానే ఉండవచ్చు. కానీ బయానా ఇవ్వడానికి ముందు తేల్చుకోవలసినవి ఇంకా చాలా మిగిలి ఉన్నాయి. వాటిలో ఒకటి ఏకంగా మీ ఉద్యోగానికి సంబంధించినది. మీ ఉత్తరంలో దాని ప్రస్తావన లేదు కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీరు ప్రభుత్వ ఉపాధ్యాయురాలు. స్థిరాస్తి కొనేటప్పుడు శాఖకు తెలియజేయాలని ప్రవర్తనా నియమావళి చెబుతోంది. అంతవరకు మీకు తెలిసే ఉంటుంది. అదే నియమావళి ప్రకారం, అనుమతి లేకుండా ప్రైవేటు వ్యాపారం చేయకూడదు. సొంత ఇల్లు ఒక కుటుంబానికి అద్దెకు ఇవ్వడాన్ని ఎవరూ వ్యాపారం అనరు. రోజుకొకరికి గది ఇచ్చి, దుప్పట్లు మార్చి, యాప్‌లో ధర పెట్టి, సమీక్షలు రాయించుకోవడం మాత్రం బస వ్యాపారమే. రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఫ్లాట్ మీ పేరున ఉన్నందుకు సంజాయిషీ ఇచ్చుకోవలసింది మీరు. మీవారి పేరున తీసుకున్నా శాఖకు ఏమేమి తెలియజేయాలో ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. ఇన్నేళ్ల సర్వీసును, రాబోయే పదవీ విరమణ ప్రయోజనాలను 3,500 రూపాయల గది అద్దె కోసం ప్రమాదంలో పెట్టుకోవడం నాకు ఎంతమాత్రం నచ్చదు.

ఇక లెక్కకు వద్దాం. బ్రోకర్ చెప్పిన లెక్కలో రాబడి ఉంది, ఈఎంఐ ఉంది, ఖర్చు అనే వరుస మాత్రం లేదు. ఆయన చెప్పిన 87,500 అక్షరాలా వచ్చిందనే అనుకుందాం. మీరిద్దరూ హనుమకొండలో ఉంటారు కనుక ఫ్లాట్ నడపడానికి ఒక మనిషినో సంస్థనో పెట్టుకోవాలి. వాళ్లు రాబడిలో 20 శాతానికి తక్కువ ఒప్పుకోవడం అరుదు. అది 17,500. బుకింగులు తెచ్చే యాప్‌ల కమీషన్ ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. 15 శాతం వేసుకుంటే 13,125. 25 రాత్రులంటే పన్నెండు సార్లయినా అతిథులు మారతారు. మారిన ప్రతిసారీ శుభ్రం చేయడానికి, దుప్పట్లు, తువాళ్లు ఉతకడానికి 700 అనుకుంటే 8,400. రెండు ఏసీలు తిరిగే ఇంట్లో కరెంటు 6,500. సొసైటీ నిర్వహణ రుసుము చదరపు అడుగుకు 4 రూపాయల చొప్పున 4,600. ఇంటర్నెట్ 800. సబ్బులు, టీపొడి, తాగునీరు, టిష్యూలు వంటి వాటికి 2,200. గీజరు, కుళాయి, మంచం చెక్క, తలుపు తాళం ఏదో ఒకటి ప్రతి నెలా పాడవుతుంది, దానికి 3,000 పక్కన పెట్టాలి. మొత్తం 56,125. మిగిలేది 31,375.

ఇప్పుడు అదే ఫ్లాట్‌ను ఖాళీగా, ఒక మంచం కూడా వేయకుండా, ఒక కుటుంబానికి అద్దెకు ఇచ్చారనుకోండి. ఆ ప్రాంతంలో ఆ పరిమాణానికి 30 వేల చుట్టుపక్కల అద్దె వస్తుందని నా అంచనా. అదే భవనంలో అద్దెకున్న ఇద్దరు ముగ్గురిని మీరే అడిగి సరిచూసుకోండి. కరెంటు బిల్లు, సొసైటీ రుసుము సాధారణంగా అద్దెకుండేవారే కడతారు. అంటే బ్రోకర్ చూపించిన కల మొత్తం నిజమైనా, 8 లక్షల ఫర్నిచరూ పన్నెండు సార్ల శుభ్రతా కలిసి మీకు అదనంగా తెచ్చేది నెలకు వెయ్యీ పదిహేను వందలు. పైన నేను వేసినవన్నీ అంచనాలే. వాటిలో కొన్ని అటూ ఇటూ కావచ్చు. నిర్వాహకుడు లేకుండా మీరే అక్కడ ఉండి నడిపితే ఆ 17,500 మీకే మిగులుతుంది. కానీ మీరు ఉండేది 150 కిలోమీటర్ల దూరంలో, అదీ పొద్దున బడికి వెళ్లే ఉద్యోగంలో.

25 రాత్రులు నిండడం కూడా అంత తేలిక కాదు. కొత్తగా పెట్టిన ఫ్లాట్‌కు సమీక్షలు ఉండవు కనుక మొదటి ఏడాది ధర తగ్గించి రప్పించుకోవాలి. సగటున 3,000 చొప్పున 17 రాత్రులు నిండాయనుకుంటే రాబడి 51,000. ఖర్చులు ఆ మేరకు తగ్గించి వేసినా 37 వేలు దాటుతాయి. చేతికి 13 వేలు. ఖాళీ ఫ్లాట్ అద్దెలో సగం కూడా కాదు. ఈఎంఐ మాత్రం 52 వేలు అలాగే ఉంటుంది.

ఆ చుట్టుపక్కల గిరాకీ లేదని మాత్రం అనుకోకండి. ఉంది, నిజంగానే ఉంది. నానక్‌రామ్‌గూడలో అమెరికా కాన్సులేట్ కొత్త భవనం 2023లో మొదలైంది. వీసా పని మీద రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ ఒడిశా నుంచీ వచ్చేవారు ఒకటి రెండు రాత్రులు ఉంటారు. గచ్చిబౌలి ఆసుపత్రులకు దూరప్రాంతాల నుంచి వచ్చే రోగుల బంధువులు వారాల తరబడి ఉంటారు. ఐటీ కంపెనీలు ప్రాజెక్టు మీద పంపే ఉద్యోగులు రెండు మూడు నెలలు ఉంటారు. డిసెంబరు, జనవరిలలోనూ వేసవి సెలవుల్లోనూ మీ మరిది గారి వంటి కుటుంబాలు వస్తాయి. వీళ్లలో ఎవరి కోసం ఫ్లాట్ నడుపుతారో ముందు తేల్చుకోవాలి. అందరి అవసరాలూ ఒకటి కావు. వీసాకు వచ్చినవారికి వేకువన నాలుగింటికి వేడినీళ్లు, క్యాబ్ దొరికే చోటు చాలు. రోగి బంధువుకు కావలసింది వంటగది.

ఈ వంటగది సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన వాళ్లు హోటల్ వదిలి ఫ్లాట్ వెతికేది చాలా వరకు దీనికోసమే. ఆపరేషన్ అయిన మనిషికి ఉప్పు తక్కువ వేసి జావ కాచాలి, మెత్తటి అన్నం వండాలి, ఇడ్లీ వేయాలి. ఫొటోలో కనిపించే పింగాణీ పళ్లేలు, గాజు గ్లాసులు వాళ్లకు అక్కరలేదు. మూడు లీటర్ల కుక్కరు, మంచి రబ్బరు ఉన్న మిక్సీ జారు, ఇడ్లీ రేకులు, రెండు స్టీలు గిన్నెలు, పోపుల డబ్బా, ఒక థర్మాస్ ఫ్లాస్కు కావాలి. ఆసుపత్రికి తీసుకువెళ్లడానికి నాలుగు గిన్నెల క్యారియర్ ఒకటి అలమరలో ఉంచిన యజమానిని రోగి బంధువులు ఇంకొకరికి చెప్పి మరీ పంపుతారు. ఇంటి వాడకానికి ఇచ్చే సిలిండరును ఇలాంటి చోట వాడకూడదు కనుక ఇండక్షన్ స్టవ్ పెట్టడం మంచిది. మంచానికి మూడు జతల దుప్పట్లు ఉండాలి: ఒకటి పరుపు మీద, ఒకటి ఉతుకులో, ఒకటి అలమరలో. రెండు జతలతో నెట్టుకురావచ్చనుకున్నవాళ్లు జులై ముసురులో పదకొండింటికి ఒక కుటుంబం ఖాళీ చేసి రెండింటికి మరో కుటుంబం దిగేటప్పుడు తడి దుప్పటిని ఇస్త్రీపెట్టెతో ఆరబెడుతూ ఉంటారు. చెప్పదలచుకున్నది ఇదే: ఇది రోజూ చూసుకోవలసిన పని. అందులో ఇష్టం ఉన్నవారికి బాగానే నడుస్తుంది. అద్దె కూర్చున్నచోటికి వస్తుందని దిగినవారికి నడవదు.

మీ మరిది గారి మాటకు విలువ ఇవ్వండి, కానీ ఆయన చూసింది అతిథి వైపు నుంచి. ఆయన దిగిన పది రోజులూ ఫ్లాట్ నిండి ఉంటుంది. ఆగస్టులో ఒక మంగళవారం అది ఎలా ఉంటుందో ఆయనకు తెలిసే అవకాశం లేదు. మీరు తెలుసుకోవచ్చు. ఈరోజే యాప్ తెరిచి, కొండాపూర్ అని వెతికి, మూడు వారాల తర్వాతి మంగళ, బుధవారాలు వేసి చూడండి. రెండు పడకగదుల ఫ్లాట్లు ఎన్ని ఖాళీగా కనిపిస్తున్నాయో, ఏ ధరకో రాసుకోండి. తేదీ దగ్గరపడ్డాక, అంటే ముందురోజు మళ్లీ చూడండి. అప్పటికీ ఖాళీగా ఉన్నవెన్నో, ఎంత ధర తగ్గించారో తెలుస్తుంది. ఈ పని నెలంతా చేస్తే బ్రోకర్ మాట ఎంతవరకు నమ్మవచ్చో మీకే అర్థమవుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

తర్వాత సొసైటీ. కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో చాలా అపార్ట్‌మెంట్ సంఘాలు రోజువారీ అద్దెలను ఒప్పుకోవడం లేదు. వాళ్ల కోణం కూడా అర్థం చేసుకోవాలి. రోజూ ముక్కూమొహం తెలియనివారు లిఫ్టులో ఎక్కుతుంటే చిన్నపిల్లలున్న ఇళ్లవారు ఊరుకోరు. ఎండాకాలంలో ట్యాంకర్ నీళ్లు కొనుక్కునే భవనంలో మీ అతిథులు రోజుకు మూడుసార్లు స్నానం చేస్తుంటే దాని ఖర్చు అందరి మీదా పడుతుంది. అందుకే సంఘం నియమావళి ప్రతి అడిగి తీసుకుని చదవండి. గత ఏడాది సర్వసభ్య సమావేశ తీర్మానాలు కూడా అడగండి. బ్రోకర్ ‘ఏమీ అనరండీ’ అంటే ఆ మాటను సంఘం కార్యదర్శి చేత కాగితం మీద రాయించుకు రమ్మనండి. కాపలాదారుతో కాసేపు మాట్లాడినా సగం సంగతులు బయటపడతాయి. ఇవాళ అభ్యంతరం లేకపోయినా రేపు తీర్మానం చేయరని హామీ లేదు. సొసైటీలే కాదు, నగరాలే మనసు మార్చుకుంటున్నాయి. న్యూయార్క్ 2023 సెప్టెంబరు నుంచి 30 రోజుల లోపు అద్దెలకు యజమాని కూడా ఆ ఇంట్లోనే ఉండాలన్న నిబంధనను గట్టిగా అమలు చేస్తోంది. బార్సిలోనా 2028 నాటికి పర్యాటక ఫ్లాట్ల లైసెన్సులే ఎత్తివేస్తామని ప్రకటించింది. మన దగ్గర అలాంటిది వస్తుందని చెప్పడం లేదు. ఇరవై ఏళ్ల రుణాన్ని, ఎప్పుడైనా మారగల అనుమతి మీద నిలబెట్టవద్దంటున్నాను.

కేంద్ర పర్యాటక శాఖ హోంస్టే పథకం గురించి ఎవరైనా చెబితే ఒక్క విషయం గుర్తుంచుకోండి: అది యజమాని కుటుంబంతో నివసించే ఇంటికి. మీరు హనుమకొండలో ఉండి కొండాపూర్ ఫ్లాట్‌ను హోంస్టే అనలేరు.

పన్నుల సంగతి క్లుప్తంగా. నెలవారీ అద్దెకు ఇస్తే అది ఇంటి ఆస్తి ఆదాయం కింద వస్తుంది. దానిలో 30 శాతం మినహాయింపు ఉంటుంది, రుణవడ్డీ కూడా తీసివేస్తారు. హోటల్ తరహా సేవలు అందిస్తే వ్యాపార ఆదాయంగా లెక్కించే అవకాశం ఉంది, అప్పుడు లెక్కల పుస్తకాలూ బిల్లులూ కావాలి. మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే, వడ్డీ అద్దెను మించి ఇంటి మీద వచ్చిన నష్టాన్ని జీతంలో తగ్గించుకోలేరు. ‘వడ్డీతో మీ జీతం పన్ను తగ్గుతుంది’ అని బ్రోకర్ అనివుంటే అది ఆ విధానంలో కుదరదు. రోజుకు 7,500 లోపు గదులకు జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం. మీ వార్షిక రాబడి 20 లక్షలు దాటనంత వరకు ఆ పన్నును యాప్ సంస్థే అతిథి నుంచి తీసుకుని కడుతుంది. అయినా అతిథి చూసేది మొత్తం ధరనే కనుక, ఆ మేరకు మీ ధర కూడా సర్దుకోవలసి వస్తుంది. గృహ కేటగిరీలో ఉన్న కరెంటు కనెక్షను, ఆస్తిపన్ను వాణిజ్య కేటగిరీకి మారితే ఖర్చు ఇంకా పెరుగుతుంది.

మీ అబ్బాయి విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను, నొచ్చుకోవద్దు. అతనికి ఈ పని అప్పగించకండి. అతిథి విమానం ఆలస్యమై రాత్రి రెండింటికి వస్తాడు, తాళం పనిచేయదు, ఫోన్ చేసేది అతనికే. తెల్లవారితే ఇంటర్నల్ పరీక్ష. వచ్చినవారి గుర్తింపు కార్డులు చూసి నమోదు చేయాలి. విదేశీ పౌరులు వస్తే, అందులో అమెరికా పాస్‌పోర్టు ఉన్న మన తెలుగువారూ ఉంటారు, 24 గంటల్లో విదేశీయుల నమోదు కార్యాలయానికి (ఎఫ్ఆర్ఆర్ఓ) ఆన్‌లైన్‌లో వివరాలు పంపాలి. శనివారం రాత్రి నలుగురని చెప్పి పద్నాలుగు మంది వస్తే వాళ్లను బయటకు పంపాల్సింది పందొమ్మిది, ఇరవై ఏళ్ల కుర్రవాడు. సర్వీస్ అపార్ట్‌మెంట్లలో పార్టీల మీద పోలీసుల దాడుల వార్తలు మీరూ చదువుతూనే ఉంటారు. మాదకద్రవ్యాల వాడకానికి తెలిసీ చోటిస్తే చట్టం చోటిచ్చినవారినీ వదలదు. ‘మాకు తెలియదు’ అని నిరూపించుకోవడానికి తిరగాల్సిన తిరుగుడు మీ అబ్బాయి నెత్తిన పడకూడదు. అతను ఉత్సాహంతో అన్న మాట అది. ఆ ఉత్సాహాన్ని మెచ్చుకోండి, పని మాత్రం ఇవ్వకండి.

ఇక మీ చేతిలోని డబ్బు. 85 లక్షలకు 25 లక్షలు మీరు పెట్టాలి. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషను కలిపి 7.5 శాతం, పూర్తి ధర మీద 6.4 లక్షల దాకా. అక్కడికే 31.4 లక్షలు. బ్యాంకు ప్రాసెసింగు రుసుము, లాయరు పరిశీలన, బ్రోకర్ కమీషన్ కూడా పోతే మీ 32 లక్షలు చాలవు. అంటే ఇంట్లో ఎవరికైనా ఆరోగ్యం బాగుండకపోతే వెంటనే తీయడానికి ఏమీ ఉండదు. ఆపైన చీటీ. 50 నెలల 10 లక్షల చీటీని మొదట్లోనే పాడితే తగ్గింపు పోయి చేతికి 8 లక్షలు రావడం కూడా అదృష్టమే, నెలకు మాత్రం డివిడెండు పోను 20 వేలకు దగ్గరగా కట్టాలి. ఈఎంఐ, చీటీ కలిపి 72 వేలు. అతిథులు రాని నెలలో సొసైటీ రుసుము కూడా మీదే. 1,35,000 జీతంలో మిగిలేది 58 వేలు. అందులోనే అబ్బాయి ఫీజు, హాస్టలు, ఇల్లు. మీవారిది ప్రైవేటు ఉద్యోగం కూడా. ఇంత బిగువుగా కట్టుకున్న లెక్కలో ఒక్క ముడి ఊడితే మిగతావన్నీ ఊడతాయి.

మరి ఏం చేయాలి? మీకు హైదరాబాద్‌లో ఇల్లు ఉండాలన్న కోరిక సరైనదే. అబ్బాయి ఉద్యోగం అక్కడే వచ్చినా, మీరు పదవీ విరమణ తర్వాత వెళ్లినా పనికొస్తుంది. అలాంటప్పుడు ఒకే పరీక్ష పెట్టుకోండి: ఖాళీ ఫ్లాట్‌కు వచ్చే అద్దె, ఈఎంఐ, ఈ రెండింటి మధ్య తేడాను మీ జీతాల నుంచి ఇబ్బంది లేకుండా కట్టగలరా? ఈ ఫ్లాట్ విషయంలో ఆ తేడా నెలకు 22 వేలు. చీటీ లేకపోతే అది మీకు సాధ్యమే. కానీ ఆరు నెలల ఈఎంఐకి సరిపడా 3 లక్షలైనా పక్కన ఉండాలి, అది ఇప్పుడు లేదు. కనుక ధర 75 లక్షల లోపు ఉన్న ఫ్లాట్ చూడండి, లేదా మరో ఏడాదిన్నర ఆగి ఇంకొంత కూడబెట్టండి. ఏడాది అద్దె రాబడి ఆస్తి ధరలో 4 శాతాన్ని బాగా దాటడం హైదరాబాద్‌లో కష్టం. 52 వేల ఈఎంఐ లెక్కన మీ రుణవడ్డీ 8 శాతం పైన. ఈ రెండింటి మధ్య అగాధాన్ని దుప్పట్లు మార్చి పూడ్చలేం.

కొన్నాక ఫర్నిచర్ విషయంలో మధ్యేమార్గం ఉంది. అన్నీ ఒకేసారి కొనకండి. చెక్క అలమరాలు, గీజర్లు, రెండు ఏసీలు, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, రెండు మంచాలు, ఇంతవరకు 3 లక్షల్లో చేయవచ్చు. ఆ మాత్రానికే ఖాళీ ఫ్లాట్ కంటే నెలకు ఆరేడు వేలు ఎక్కువ అద్దె అడగవచ్చు. సామాను మోసుకు తిరగడం ఇష్టంలేని ఐటీ ఉద్యోగ జంటలు దానికి సంతోషంగా ఒప్పుకుంటాయి. నాలుగేళ్లలో ఖర్చు తిరిగి వస్తుంది. సోఫా, టీవీ, కర్టెన్లు, గోడ బొమ్మలు పెట్టి పూర్తిగా అమర్చితే అద్దె ఇంకొంచెం పెరుగుతుంది కానీ వాటి అరుగుదల, మధ్యలో ఖాళీగా ఉండే నెలలు ఆ పెరుగుదలను తినేస్తాయి. ఎప్పటికైనా మీరో మీవారో హైదరాబాద్‌లో స్థిరపడి, సొసైటీ ఒప్పుకుని, శాఖ నుంచి ఇబ్బంది లేనప్పుడు, రోగుల కుటుంబాలకు నెలవారీగా ఇవ్వడం గురించి ఆలోచించవచ్చు. అప్పటికి రుణం కూడా కొంత తగ్గి ఉంటుంది.

ఏ రకంగా ఇచ్చినా ఒప్పందం రాతలో ఉండాలి. అద్దెకు వచ్చేవారి ఆధార్, ఉద్యోగం వివరాలు తీసుకోండి. ఏసీల క్రమసంఖ్యలతో సహా వస్తువుల జాబితా తయారుచేసి, ప్రతి గది ఫొటోలు జతచేసి, రెండు ప్రతుల మీద ఇద్దరి సంతకాలూ పెట్టించండి. డిపాజిట్ తిరిగి ఇచ్చే రోజు ఆ జాబితానే ముందుపెట్టుకుని గది గదీ కలిసి చూడండి.